రివాల్వర్‌లో చీమలు

ఈ కాలం పిల్లలకు రివాల్వర్ గురించి చెప్పబోతే "పాత సామాను కదా తాతా" అంటారు. పాత సామానే, కాదన్నదెవరు? నేనూ పాత సామాన్నే. అయినా పోలీసు ఉద్యోగంలో చేరిన మనవళ్లు పండక్కి వచ్చి ఇంట్లో కూర్చున్నప్పుడు, వాళ్ల నడుము దిక్కు చూసి ఈ కథ చెప్పకుండా ఉండలేను. వినేవాళ్లు వినండి, వినలేనివాళ్లు వంటింట్లోకి పోయి చాయ్ పెట్టుకు రండి.

నేను నిజామాబాద్ పోలీసు హెడ్‌క్వార్టర్‌లో ఆయుధాలు మరమ్మతు చేసే గదిలో పనిచేశాను. సొంతూరు వేల్పూర్. ఇంట్లో అందరూ పసుపు పండిస్తే నేనొక్కణ్ని తుపాకులు తుడిచాను. మా బాపు ఎవరైనా అడిగితే "కొడుకు పోలీసుల ఉన్నడు" అని మీసం దువ్వేవాడు. "ఏం నౌకరి?" అని ఇంకో ప్రశ్న వేస్తే మాత్రం "గదేందో నూనె పని" అని మాట మార్చేవాడు.

ఆ నూనె పని నాకు నేర్పింది మా ఉస్తాద్. నిజామాబాద్ పాతబస్తీ మనిషి. వాళ్ల ఇంట్లో తాతల నాటి నుంచీ తాళాలు, తుపాకులు బాగు చేయడమే పని. నోట్లో పాన్, చెవి మీద సగం కాల్చిన బీడీ, చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా ఆయన్ని నేను చూడలేదు. ఆయన దగ్గర ఒక తెల్లని మందపాటి గుడ్డ ఉండేది. దాని మీద రివాల్వర్‌లోని ఒక్కో పుర్జాకు, అంటే విడిభాగానికి, సిరాతో బొమ్మ గీసి పెట్టుకున్నాడు. విప్పిన పుర్జాను దాని బొమ్మ మీదే పెట్టాలి. ఏ బొమ్మ ఖాళీగా ఉంటే ఆ పుర్జా పోయినట్టు. చదువుకోని మనిషి చేసిన ఏర్పాటు అనుకోకండి, ఉస్తాద్ ఉర్దూలో ఉత్తరాలు ముత్యాల్లా రాసేవాడు.

ఆయన చెప్పిన మొదటి పాఠం ఇది. "మొదలు ఖాళీ చెయ్యి బేటా. ఖాళీ చేసినంక ఖాళీ అయిందని నమ్మకు. మళ్ల చూడు. నేను చెప్పినా నమ్మకు, నువ్వే చూడు." రెండో పాఠం పక్కపలక గురించి. రివాల్వర్‌కు కుడి పక్కన ఒక ఉక్కు పలక ఉంటుంది. ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే తూటాల చక్రం తిరగడం, వెనకనున్న ఘోడా లేచి తూటాను కొట్టడం రెండూ జరిగిపోతాయి కదా, ఆ యంత్రమంతా ఆ పలక కిందే ఉంటుంది. మరలు తీశాక కూడా ఆ పలక ఊడి రాదు. కొత్తవాడు ఏం చేస్తాడు? సందులో స్క్రూడ్రైవర్ పెట్టి లేపుతాడు, పలక అంచు పాడవుతుంది. అట్లా చేస్తే ఉస్తాద్ చేతి మీద కొట్టేవాడు. "గుంజకు! పిడి మీద కట్టెతోని మెల్లగ తట్టు. అదే లేస్తది." నిజంగానే అదే లేచేది.

ఇక అసలు సంగతి. హైదరాబాద్ స్టేట్ పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొన్నేళ్ల తరువాతి మాట. బోధన్ దిక్కు చెరకు ఊళ్ల నడుమ ఒక ఠాణా ఉండేది. పేరెందుకు లెండి. దానికి కోస్తా నుంచి కొత్తగా ఒక ఎస్సై వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని కుర్రాడు, నిక్కచ్చి మనిషి. మా దిక్కు పాతవాళ్లకు ఎస్సై అంటే ఇంకా "అమీన్ సాబే". ఎవరైనా అట్లా పిలిస్తే "అమీను ఎవరండీ? నేను సబ్ ఇన్స్‌పెక్టర్ని" అని గద్దించేవాడు. పెళ్లి కాలేదు. వండి పెట్టడానికి వాళ్లమ్మ వచ్చి క్వార్టర్‌లో ఉండేది.

ఆ ఠాణా జమేదార్ భీమ్‌గల్ మనిషి. మీ లెక్కన హెడ్ కానిస్టేబుల్. పింఛనుకు దగ్గరపడ్డాడు. నెల నెలా ఆయుధాల పని మీద మా గదికి వచ్చేవాడు కాబట్టి నాకు బాగా తెలుసు. మాట తక్కువ, పని ఎక్కువ. ఆయన పంపే తుపాకీ గొట్టంలోకి చూస్తే కళ్లు జిగేల్‌మనేవి. ఉస్తాద్ అందరి ముందూ "గీయన ఠాణా తుపాకులకు నేను దండుగ" అనేవాడు.

అట్లాంటి మనిషి మీద ఆ ఎస్సై పైకి ఫిర్యాదు రాశాడు. ఎందుకంటే, పంది.

చెరకు నరికే రోజులు. చక్కెర ఫ్యాక్టరీ దారిలో బండ్లు వరుసగా నిలబడి ఉన్నాయి. నా బండి ముందంటే నా బండి ముందని రైతులు తకరారు పడుతుంటే ఎస్సై సర్ది చెప్పడానికి పోయాడు. సరిగ్గా అప్పుడే పక్క చెరకు తోటలోంచి ఒక అడవి పంది దూసుకొచ్చింది. ఎడ్లు బెదిరాయి, జనం చెల్లాచెదురయ్యారు. ఎస్సై మాత్రం పారిపోలేదు, అది ఒప్పుకోవాలి. రివాల్వర్ తీసి, చేయి చాచి, ట్రిగ్గర్ నొక్కాడు. అది కదల్లేదు. రెండు చేతులతో నొక్కాడు. అయినా కదల్లేదు. పంది మాత్రం ఆగలేదు. ఎస్సై చెరకు బండి ఎక్కాడు.

ఎక్కడమంటే మామూలుగా ఎక్కడం కాదట. ఆ రోజు అక్కడున్న ప్రతివాడూ నాకు ఒక్కో తీరుగా చెప్పాడు. ఒకడు టోపీ పడిపోయిందన్నాడు, ఒకడు బూటు జారిందన్నాడు, ఒకడైతే గడల మధ్య దాక్కుని ఒక గడ నమిలాడన్నాడు. అది మాత్రం నేను నమ్మలేదు. పంది ఎవరినీ ఏమీ అనకుండా దాని దారిన అది పోయింది. కానీ సాయంత్రానికల్లా బోధన్ అంగట్లో "పందికి సలాం కొట్టి బండెక్కిన అమీన్ సాబ్" అని ఒకటే నవ్వులు. పాపం కుర్రాడు, ఆ బాధలో కాగితం తీశాడు. ఆయుధాల శుభ్రత జమేదార్ బాధ్యత, నిర్లక్ష్యం వల్ల నా ప్రాణం మీదికి వచ్చింది అని రాసి రివాల్వర్‌తో సహా హెడ్‌క్వార్టర్‌కు పంపాడు.

విచారణకు డిప్టీ సాబ్‌ను వేశారు. డీఎస్పీ అన్నమాట, హైదరాబాద్ మనిషి. ఆయన మా గదికి వచ్చి ఒకే మాట చెప్పాడు. "అందరి ముందట విప్పాలె. లోపల తుప్పు గాని, మురికి గాని కనబడితే జమేదార్ పట్టీలు పోతయి. లేకపోతే లేదు." పట్టీలు పోవడమంటే, ఉద్యోగం చివర్లో, తను సెల్యూట్ కొట్టించుకున్న కుర్రాళ్ల పక్కన మళ్లీ మామూలు జవానుగా నిలబడడం. విప్పాల్సింది నేను. ఉస్తాద్‌కు అప్పటికే చూపు మందగించింది.

ఆ రోజు పొద్దున్నే ఎస్సై, జమేదార్ ఒకే జీపులో దిగారు. దారి పొడుగునా మాట్లాడుకున్నట్టు లేదు. జీపు వెనక సీట్లోంచి ఒకావిడ కూడా దిగింది. చేతిలో నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్. ఎస్సై అమ్మగారు. కొడుకు తుపాకీ బాగు చేయించుకోవడానికి పోతున్నాడని మాత్రమే ఆవిడకు తెలుసు. నిజామాబాద్ బజారు చూద్దామని వచ్చిందట. మా కిటికీ బయట వరండాలో బెంచీ మీద కూర్చుని "తమ్ముడూ, ఎండ పడకుండా ఈ క్యారియర్ ఇటు పెట్టు" అంది. జమేదార్ పెట్టాడు. లోపలి నుంచి ఎస్సై "ఏయ్ జమేదార్! రా ఇటు" అన్నాడు. జమేదార్ వచ్చాడు.

నేను జమేదార్‌ను పక్కకు పిలిచి మెల్లగా అడిగాను. "అన్నా, ఏమైంది? లోపల తుప్పున్నదా?"

"ఉండదు."

"మరి ఎట్ల పట్టేసింది?"

"విప్పు తమ్మీ. ఏముంటే గదే ఉంటది" అని గోడ దిక్కు చూశాడు.

వెలుతురు కోసం బల్లను కిటికీకి ఆనించుకుని, ఉస్తాద్ గుడ్డ పరిచాను. ఖాళీగా ఉందో లేదో చూశాను. మళ్లీ చూశాను. ఉస్తాద్ కూడా వేలు పెట్టి చూశాడు. పైన అద్దంలా ఉంది రివాల్వర్. గొట్టంలో మచ్చ లేదు. డిప్టీ సాబ్ "ఠీక్ ఉంది గద!" అన్నాడు. ట్రిగ్గర్ నొక్కితే మాత్రం రాయిలా ఉంది. పిడికి రెండు పక్కల ఉన్న చెక్కలు తీశాను, మరలు తీసి వరుసగా వాటి బొమ్మల మీద పెట్టాను. తరువాత కట్టెతో పిడి మీద తట్టాను. పలక లేవలేదు. ఇంకాస్త తట్టాను. ఎప్పుడూ లేచే పలక ఆ రోజు అంటుకుపోయినట్టు ఉండిపోయింది.

"స్క్రూడ్రైవర్ పెట్టి లేపవయ్యా" అన్నాడు ఎస్సై.

"మెల్లగ సాబ్, మెల్లగ. మొండోని నోరు గుంజితె తెరవదు" అన్నాడు ఉస్తాద్.

కాసేపు తట్టగా తట్టగా 'టిక్'మని పలక లేచింది. లేవగానే లోపలి నుంచి చీమలు బయటికొచ్చాయి. ఒకటీ రెండూ కాదు, బారు. ఎర్ర చీమలు గొట్టం మీదుగా, గుడ్డ మీదుగా, నా వేళ్ల మీదుగా హడావిడిగా నడిచిపోయాయి. డిప్టీ సాబ్ కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "యా అల్లా" అన్నాడు ఉస్తాద్. నా ఉద్యోగంలో తుపాకీలో తుప్పు చూశాను, మట్టి చూశాను, ఒకసారి బల్లి గుడ్డు కూడా చూశాను. చీమల పుట్ట మాత్రం అదే మొదలు, అదే చివర.

లోపలంతా బెల్లం పాకంలా గడ్డ కట్టి ఉంది. ఉస్తాద్ వంగి వాసన చూశాడు. "సాబ్, తుప్పు లేదు. మిఠాయి ఉంది."

"ఏంది?"

"నెయ్యి వాసన సాబ్. నెయ్యి, షక్కర్. ఇంకేమో ఉంది."

ఇంకేమో ఉన్నదాన్ని నేను చిమటాతో పట్టి బయటికి తీశాను. ట్రిగ్గర్ పక్కన ఇరుక్కున్న ఎండిన బంతిపూరేకు. దాని మీద పసుపు. పసుపు వాసన నాకు ఇంకొకరు చెప్పాలా? మా ఇంటి గాలే అది. అప్పుడు నాకు సగం అర్థమైంది. దసరాకి ఆయుధ పూజ చేసి ఉంటారు. అన్ని ఠాణాల్లోనూ చేస్తారు. కానీ మా దగ్గర ఆయుధ పూజ అంటే ఒక బొట్టు, ఒక పూలదండ, ఒక కొబ్బరికాయ. నెయ్యి ఎక్కడిది?

డిప్టీ సాబ్ జమేదార్ వైపు తిరిగాడు. "ఏందిది? ఫ్యాక్టరీ షక్కర్ల ముంచినవా రివాల్వర్‌ను?"

జమేదార్ సావధాన్‌లో నిటారుగా నిలబడి ఉన్నాడు. "నా తప్పే సార్."

"ఎట్ల జరిగింది అని అడుగుతున్న."

"నా తప్పే సార్. నేను చూసుకోవాలె. చూసుకోలే."

ఎంత అడిగినా అదే మాట. డిప్టీ సాబ్‌కు కోపం వచ్చింది, నాకు ఏడుపొచ్చింది. చేతులు ఆపితే కన్నీళ్లు వస్తాయని తల వంచుకుని పని చేస్తూ పోయాను. నొక్కిన ట్రిగ్గర్‌ను మళ్లీ ముందుకు నెట్టే చిన్న స్ప్రింగు ఒకటి ఉంటుంది, చిటికెన వేలిలో సగం ఉండదు. దాన్ని తీసేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టాలి. పెట్టాను. కానీ ఆ పాకానికి వేలు జారింది. 'టంగ్' అని ఎగిరింది స్ప్రింగు.

ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఉస్తాద్ గుడ్డ మీద దాని బొమ్మ ఒక్కటే ఖాళీగా నన్ను చూస్తోంది. "కదలకుండ్రి! ఎవ్వరు కాలు ఎత్తకుండ్రి!" అని అరిచాడు ఉస్తాద్. ఆ గదిలో ఆ సమయానికి డిప్టీ సాబ్ కూడా ఉన్నాడన్న సంగతి ఆయన మరిచిపోయాడు. డిప్టీ సాబ్ కూడా మరిచిపోయినట్టున్నాడు, టోపీ తీసి బల్ల మీద పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఇంకేముంది, అందరం నేల మీదికి దిగాం. డిప్టీ సాబ్ బీరువా కింద, ఉస్తాద్ తలుపు మూల. నేను, ఎస్సై, జమేదార్ బల్ల కింద దూరాం.

బల్ల కింద ఎస్సైకి, జమేదార్‌కి మధ్య జానెడు ఎడం. నేను వాళ్ల వెనకే ఉన్నానని వాళ్లు పట్టించుకోలేదు. ఎస్సై ముఖం అప్పటికే పాలిపోయి ఉంది. ఆ బంతిరేకు చూసినప్పటి నుంచే అట్లా ఉన్నాడు.

"నిజం చెప్పండి. పూజ రోజు అమ్మ దీనికి అభిషేకం చేసిందా?" అన్నాడు మెల్లగా.

జమేదార్ నేల మీద చేత్తో తడుముతూనే ఉన్నాడు. "చేసింది సార్. పంచామృతంతోని. మీరు స్నానానికి పోయిండ్రు. నేను తూటాలు తీసి జేబుల వేసుకుని, పళ్లెం పట్టిన."

"మీరు ఆపలేదా?"

"ఎట్ల ఆపాలె సార్? 'నా బిడ్డ చల్లగుండాలె' అనుకుంట పోస్తున్నది. పాలు, పెరుగు, నెయ్యి, తేనె, షక్కర్. కండ్లు మూసుకుని పోస్తున్నది. తల్లి మొక్కును వద్దని నేనెట్ల అంట? పైన మంచిగనే తుడిచిన. లోపలికి పోయిందని తెలుసు. మరి విప్పడానికి మాకు హుకుం లేదు. ఇక్కడికి పంపుతె కారణం రాయాలె. ఏమని రాయాలె?"

ఎస్సై నేల తడమడం ఆపేశాడు. తరువాత, "ఆ రోజు తీర్థం నూనె వాసన వచ్చింది" అన్నాడు.

"నేను గూడ తాగిన సార్. కొంచెం గన్ ఆయిల్ తగిలింది గని, తియ్యగనే ఉండె."

నాకు నవ్వు ఆగలేదు. నోరు మూసుకుందామని చేయి ఎత్తితే తల బల్లకు కొట్టుకుంది.

"మరి నేను మీ మీద కాగితం రాసినప్పుడైనా చెప్పొచ్చు కదా!" అన్నాడు ఎస్సై.

"చెప్తె ఏమైతది సార్? బోధన్ల మీ మీద నవ్వినోళ్లు రేపు అమ్మ మీద నవ్వుతరు. ఆమె మన మీద నమ్మకంతోని గింత దూరం వచ్చింది. రోజు 'తమ్ముడూ' అని పిలిచి అన్నం పెడుతది. పట్టీలు నా భుజం మీదివి సార్, పోతె నాకే పోతయి. ఆమె పూజ ఎందుకు పోవాలె?"

అప్పుడే గుమ్మంలో గాజుల చప్పుడైంది. "ఏవండీ, ఇదేదో కిటికీలోంచి వచ్చి నా ఒళ్లో పడింది. మీదేనా?" అమ్మగారు. అరచేతిలో స్ప్రింగు. అధికారులంతా నేల మీద పాకుతుంటే చూసి ఆవిడ నిర్ఘాంతపోయింది. "అదేమిట్రా నాన్నా, అందరూ అలా ఉన్నారు? ఏం పోయింది?"

ఎస్సై బల్ల కింద నుంచి లేచాడు. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఇస్త్రీ మడత కాదు, దుమ్ము. డిప్టీ సాబ్ ముందు సావధాన్‌లో నిలబడ్డాడు. "సర్, జమేదార్ గారి తప్పు లేదు. రివాల్వర్ తడిసింది మా ఇంట్లో. మా అమ్మ పంచామృతంతో అభిషేకం చేసింది. నా ఆయుధం నేను చూసుకోలేదు. నా కాగితం నేను వెనక్కి తీసుకుంటాను. మెమో ఇవ్వాలంటే నాకివ్వండి."

అమ్మగారికి మెల్లమెల్లగా అర్థమైంది. "ఏవిటీ, నేను పూజ చేస్తే తమ్ముడి మీద రాశావా? ఎంత మాట! ఏమయ్యా, మీరు పెద్దవారిలా ఉన్నారు, చెప్పండి. ఆయుధ పూజకి అభిషేకం చేయడం తప్పా?" అని డిప్టీ సాబ్‌నే నిలదీసింది.

డిప్టీ సాబ్ బీరువా కింద నుంచి లేచి, మోకాళ్లు దులుపుకుని, టోపీ పెట్టుకున్నాడు. కాసేపు ఆవిడను, కాసేపు చీమల బారును చూశాడు. "తప్పు లేదమ్మా. వచ్చే దసరాకు గూడ చెయ్యండ్రి. గని రివాల్వర్‌కు వద్దు, లాఠీకి చెయ్యండ్రి. లాఠీకి ఎన్ని బిందెలు పోసినా మాకు తకరారు లేదు" అన్నాడు. తరువాత ఇటు తిరిగి, "ఉస్తాద్, ఖరాబు ఎందుకైందని రాయాలె?"

"పూజ జర ఎక్కువైందని రాయుండ్రి సాబ్" అన్నాడు ఉస్తాద్, పాన్ ఇటు నుంచి అటు మార్చుకుంటూ.

డిప్టీ సాబ్ నవ్వాపుకోలేక వరండాలోకి పోయాడు. ఆయన నవ్వు పరేడ్ మైదానం దాకా వినబడింది. ఎస్సై రాసిన కాగితం వెనక్కి వచ్చింది, ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నేను పుర్జాలన్నీ కిరోసిన్‌లో నానబెట్టి, బ్రష్షుతో పాకం వదిలించి, నూనె వేసి, మళ్లీ కూర్చాను. ఉస్తాద్ గుడ్డ మీద బొమ్మలన్నీ ఖాళీ అయ్యాయి. ట్రిగ్గర్ నొక్కి చూశాను. చక్రం తిరిగింది, ఘోడా లేచి పడింది. వెన్నలా ఉంది. పంచామృతంలో వెన్న ఉండదు లెండి, ఆ మాట ఉస్తాద్‌తో అంటే తిట్టాడు.

ఈలోగా మధ్యాహ్నమైంది. అమ్మగారు వరండాలో క్యారియర్ విప్పి ఆకులు పరిచింది. గోంగూర వాసన మా గది నూనె వాసనను తోసేసింది. ఉస్తాద్‌ను కూడా పిలిచింది. "పంచామృతం లేదు గద అమ్మా?" అని అడిగి మరీ కూర్చున్నాడాయన. ఎస్సై కూర్చోబోయి చుట్టూ చూశాడు. జమేదార్ దూరంగా బోరింగు దగ్గర ఒంటరిగా కాళ్లు చేతులు కడుక్కుంటున్నాడు. ఎస్సైతో సమానంగా కూర్చుని తినే అలవాటు ఆ రోజుల్లో లేదు. ఆయన తువ్వాలలో కట్టుకొచ్చిన జొన్నరొట్టె ఆయనకుంది.

ఎస్సై లేచి, మెట్లు దిగి, ఎండలో బోరింగు దాకా నడిచిపోయాడు. మేమందరం చూస్తున్నాం. "ఏయ్ జమేదార్" అని అలవాటైన నోరు, ఎట్లా తిరుగుతుందో అని నేను కూడా చూస్తున్నాను.

"మావయ్యా, అమ్మ పిలుస్తోంది. అన్నానికి రండి."

జమేదార్ తడి చేతులు తుడుచుకోలేదు. మడమలు రెండూ 'టప్'మని కలిపి, నీళ్లు కారుతున్న చేత్తో నిటారుగా సెల్యూట్ కొట్టాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా ఆ చేయి దించలేదు. ఎన్నో సెల్యూట్లు చూశాను గానీ, మావయ్యా అని పిలిస్తే సెల్యూట్ కొట్టిన మనిషిని మాత్రం ఆయనొక్కణ్నే చూశాను.